పిల్లల్ని ఏ హౌస్‌లో వేద్దాం: ఇంగ్లండ్ బోర్డింగా, కొండ మీద డార్మా, నార్వేలో ఐదుగురి గదా?

రాత్రి తొమ్మిదిన్నరకి మీ పిల్లాడి గది తలుపు కొట్టేదెవరు? బోర్డింగ్ స్కూల్ ఏది మంచిదని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఇదే. వాళ్ళేమో స్విమ్మింగ్ పూల్ ఎంత పొడుగు, గుర్రపుస్వారీ ఉందా, రోబోటిక్స్ ల్యాబ్ ఉందా, క్లబ్బులెన్ని అని పెద్ద లిస్టు రాసుకొచ్చి ఉంటారు, నా ప్రశ్న వినగానే మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎంత గొప్ప స్కూలైనా సాయంత్రానికి క్లాసులూ ఆటలూ అయిపోతాయండి, అక్కణ్ణుంచి మర్నాడు పొద్దున్న టిఫిన్ దాకా పిల్లలు బతికేది హౌస్‌లో, అంటే వాళ్ళుండే హాస్టల్ బిల్డింగులో. హౌస్ బాగుంటే ఓ మాదిరి స్కూల్లో కూడా నెట్టుకొచ్చేస్తారు, బాగోకపోతే ఎంత పేరున్న స్కూలైనా మూడో వారానికి ఫోన్లో ఏడుపే.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను ఎనిమిదేళ్ళు ఒక కొండ ఊళ్ళో ఇంటర్నేషనల్ స్కూల్లో డార్మ్ పేరెంట్‌గా, అంటే హాస్టల్లో పిల్లల్తోనే ఉండి చూసుకునే మనిషిగా చేశాను, స్కూల్ పేరు వద్దులెండి. మా చెల్లి వాళ్ళుండేది దుబాయ్‌లో, వాళ్ళబ్బాయిని 13 ఏళ్ళకే ఇంగ్లండ్‌లో వేశారు. మా అన్నయ్య కూతురు పదో తరగతి కాకినాడలో చదివి, 11, 12 కి నార్వేలో యూడబ్ల్యూసీ (యునైటెడ్ వరల్డ్ కాలేజ్) కి వెళ్ళింది. అంటే మూడు రకాల హౌసులు మా ఇంట్లోనే ఉన్నాయన్నమాట, పండక్కి అందరూ కలిస్తే మా హౌసే గొప్పంటే మా హౌసే గొప్పని వాదనలు, మధ్యలో నేను అంపైర్ని.

ముందు ఇంగ్లండ్ సంగతి. అక్కడ హౌస్ అంటే మన కాన్వెంట్లలో గాంధీ హౌస్, నెహ్రూ హౌస్ అని స్పోర్ట్స్ డే రోజు మాత్రమే గుర్తొచ్చే రంగు బనీను కాదు. అదొక బిల్డింగు, అందులో యాభై అరవై మంది పిల్లలు, 13 ఏళ్ళ ఇయర్ నైన్ వాళ్ళ నుంచి 18 ఏళ్ళ సిక్స్త్ ఫామ్ (మన 11, 12 లాంటి చివరి రెండేళ్ళు) వాళ్ళ దాకా అందరూ ఒకే కప్పు కింద, ఐదేళ్ళూ అదే హౌస్. హౌస్‌మాస్టర్ పెళ్ళాం పిల్లల్తో సహా ఆ బిల్డింగులోనే ఒక పక్క కాపురం ఉంటాడు, మా వాడి హౌస్‌మాస్టర్‌కైతే ఒక ముసలి లాబ్రడార్ కూడా ఉంది, కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే అది వచ్చి పక్కన కూలబడుతుందట. మేట్రన్ అని ఒకావిడ, జ్వరమొస్తే మందులు, సాక్సులు పోతే చీవాట్లు ఆవిడ డిపార్ట్‌మెంట్. డిన్నరయ్యాక ప్రెప్ అంటారు, హోంవర్కు టైమన్నమాట, అది గంటన్నరో ఎంతో, తర్వాత కిచెన్‌లో టోస్టులు, ఆ తర్వాత లైట్లాఫ్.

ఆ టోస్టుల టైమే అసలు హౌస్ అని మా వాడంటాడు. వెళ్ళిన కొత్తలో వీడు మధ్యాహ్నం ఏమీ తినేవాడు కాదు, బీఫ్ ఉందేమో పోర్క్ ఉందేమో అని అడగటానికి సిగ్గు, అలా ప్లేట్లో రెండు బంగాళదుంప ముక్కలు వేసుకుని వచ్చేసేవాడు. అది కనిపెట్టింది టీచరూ కాదు మేట్రనూ కాదు, పన్నెండో తరగతి వయసున్న ఒక నైజీరియా కుర్రాడు. నాలుగో రోజు రాత్రి వీణ్ణి కిచెన్‌లోకి లాక్కెళ్ళి, కూర్చోమని ఆరు టోస్టులు కాల్చి బీన్స్ పోసి పెట్టి, మర్నాడు పొద్దున్నే మేట్రన్‌కి చెప్పేశాడు, దాంతో మెనూ చీటీ మీద గుర్తులు పెట్టి ఇవ్వడం మొదలెట్టారు. ఇందులో ఇంకో తమాషా ఉంది, ఆ స్కూళ్ళలో ఒకప్పుడు ఫ్యాగింగ్ అని పద్ధతుండేది, చిన్నపిల్లలు పెద్దవాళ్ళకి బూట్లు పాలిష్ చెయ్యాలి, టోస్టు కాల్చి పెట్టాలి. అది ఎప్పుడో పోయింది, ఇప్పుడు పెద్దాడే చిన్నాడికి కాల్చి పెట్టాడు.

యాక్టివిటీస్ అంటారా, అక్కడ అన్నీ హౌసుల మధ్య పోటీలే. రగ్బీ, క్రాస్ కంట్రీ, డ్రామా, చెస్, చివరికి పాటలు కూడా. హౌస్ సింగింగ్ అని మొదటి టర్మ్‌లో పెట్టారు, అరవై మందీ స్టేజెక్కాల్సిందే, నాకు రాదు అంటే కుదరదు. మా వాడు స్నానాల గదిలో కూడా పాడని రకం. మూడు వారాలు రోజూ రాత్రి రిహార్సల్, చివరి వరసలో ఈ చివర నిలబడి పెదాలు కదిపేవాడట, పక్కవాడూ అదే పని. చివరికి వాళ్ళ హౌస్ ఆఖర్న వచ్చింది. ఆ రాత్రి ఫోన్ చేసి "పెద్దమ్మా మేం లాస్ట్" అని ఎంత సంబరంగా చెప్పాడో, మేం అన్న ఆ ఒక్క మాటకి మా చెల్లి ఏడ్చేసింది.

ఐతే అదే ఇంగ్లండ్‌లో ఏ బ్రోషర్లోనూ పెద్దక్షరాలతో వెయ్యని సంగతొకటుంది. ఎగ్జియట్ అని టర్మ్‌లో ఒకటో రెండో వీకెండ్లు, ఆపైన హాఫ్ టర్మ్ సెలవులు వస్తాయి, చాలా స్కూళ్ళలో అప్పుడు హౌస్‌కి తాళమే, పిల్లలు ఉండటానికి వీల్లేదు. అక్కడి పిల్లలు కార్లెక్కి ఇంటికెళ్ళిపోతారు, మన పిల్లలెక్కడికెళ్తారు? అందుకే గార్డియన్ ఉండాలంటారు. చెల్లి వాళ్ళకి అక్కడ ఎవరూ లేక ఒక ఏజెన్సీకి డబ్బు కట్టారు, ఆ ఏజెన్సీ చూపించిన ఇంట్లో ఒకే గదిలో ముగ్గురు పిల్లలు, మూడు పూటలా ఫ్రీజర్లోంచి తీసిన పిజ్జా, ఇంటావిడ సాయంత్రం ఆరింటికి పని మీద వెళ్తే మళ్ళీ అర్ధరాత్రే రావడం. వారం రోజులు పిల్లాడు నోరు విప్పలేదు, అమ్మ బాధపడుతుందని. తర్వాత ఏజెన్సీ మార్చారనుకోండి. అక్కడ ఏజిస్ అని గార్డియన్ సంస్థల్ని తనిఖీ చేసి గుర్తింపిచ్చే సంఘం ఉంది, ముందు ఆ గుర్తింపుందో లేదో చూడండి, ఆ తర్వాతే డబ్బు. స్కూల్ బోర్డింగ్‌ని కూడా ఇన్‌స్పెక్ట్ చేస్తారు, ఇంగ్లండ్‌లో ప్రైవేటు స్కూళ్ళకి ఎక్కువగా ఐఎస్ఐ (ఇండిపెండెంట్ స్కూల్స్ ఇన్‌స్పెక్టరేట్) అనే సంస్థ చేస్తుంది, ఆ రిపోర్టులు ఆన్‌లైన్లో ఊరికే దొరుకుతాయి, గుర్రాల ఫోటోల కంటే అవి చదివితే పనికొస్తుంది.

ఇక మన కొండలు. కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్ 1901లో అమెరికన్ మిషనరీల పిల్లల కోసం పుట్టింది, ముస్సోరీ దగ్గర వుడ్‌స్టాక్ 1854 నాటిది, ఊటీలో హెబ్రాన్ 1899 నాటిది. మన దేశంలో ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియేట్ అనే కోర్సు) మొదట వచ్చింది కూడా కొడైకెనాల్లోనే, 1976లో. కొండ మీది స్కూళ్ళలో నేను చూసినంతలో ఎక్కువగా వయసుని బట్టి డార్మ్ ఉంటుంది, ఏడూ ఎనిమిదీ ఒకచోట, తొమ్మిదీ పదీ ఒకచోట, పెద్దవాళ్ళు ఇంకోచోట. రెండేళ్ళకోసారి మూటాముల్లె సర్దుకుని పై డార్మ్‌కి మారడమే, డార్మ్ పేరెంటూ మారిపోతుంది.

నా దగ్గర 28 మంది ఆడపిల్లలు, అందరూ ఏడూ ఎనిమిదీ. కొరియా, భూటాన్, బంగ్లాదేశ్, ఒకరిద్దరు అమెరికా నుంచొచ్చిన మనవాళ్ళు, మిగతా చెన్నై, బెంగుళూరు, హైదరాబాద్. రాత్రి తొమ్మిదిన్నరకి తలుపులు కొట్టేదాన్ని నేనే, ఫోన్లు పెట్టెలో వేయించుకుని తాళం, పళ్ళు తోముకున్నారా, స్వెటర్ ఏదీ, రేపటి బ్యాగేదీ అని. ఇంట్లో అమ్మ అడిగే ప్రశ్నలే, కాకపోతే ఇరవయ్యెనిమిది సార్లు. సెమిస్టర్ మొదటి వారం పెట్టెలు తెరిస్తే ఆ వాసనలు చూడాలి, ఒక మంచం కింద ఆవకాయ జాడీ, ఇంకో మంచం కింద కిమ్చీ అనే కొరియా పచ్చడి డబ్బా. ఒక గుంటూరు పిల్ల మాగాయ ముక్కకి ఒక రామ్యన్ (కొరియా నూడుల్స్) ప్యాకెట్ చొప్పున రేటు కట్టి వ్యాపారం పెట్టింది, దసరా సెలవుల నాటికి కొరియా పిల్లలే అన్నంలో మాగాయ కలుపుకుంటున్నారు, ఈ పిల్ల దగ్గర మాత్రం అల్మారా నిండా రామ్యన్. ఉగాదికి వేపపువ్వు దొరికేది కాదు, ఆ చలికి అక్కడ వేప ఎక్కడిది, అమ్మ ఎండబెట్టి పోస్టులో పంపితే అదే నలిపి వేసేదాన్ని.

ట్రెక్కింగులు బాగుంటాయి, అది ఒప్పుకోవాలి. శనివారం పొద్దున్నే రొట్టె, జామ్, ఉడకబెట్టిన గుడ్డు మూటకట్టుకుని కొండ దిగి సాయంత్రానికి జలగలు పీక్కుంటూ తిరిగొస్తారు, కాళ్ళకి రక్తం, మొహాల్లో వెలుగు. ఇంగ్లండ్‌లో డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డ్ అని కుర్రకారు కోసం 1956లో మొదలైనదుంది కదా, బ్రాంజ్‌కి ఒక రాత్రి, సిల్వర్‌కి రెండు, గోల్డ్‌కి మూడు రాత్రులు బయట టెంటులో ఉండే యాత్ర చెయ్యాలి, అదే ఇక్కడ ఐఏవైపీ (ఇంటర్నేషనల్ అవార్డ్ ఫర్ యంగ్ పీపుల్) పేరుతో చాలా స్కూళ్ళు చేయిస్తాయి. ఇంగ్లండ్ వెళ్తేనే అది వస్తుందనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.

కానీ వయసువారీ డార్మ్‌లో లోటేంటో నా తప్పుతోనే చెప్తా. ఒక పిల్ల, ఎనిమిదో తరగతి, రోజూ రాత్రి "తిన్నా ఆంటీ" అనేది, నేను నమ్మేదాన్ని. మూడు వారాల తర్వాత మెస్‌లో వడ్డించే అన్న వచ్చి అమ్మా ఆ పొట్టి పాప ప్లేటు రోజూ పక్క పిల్లకి ఇచ్చేస్తోందమ్మా అని చెప్పేదాకా నాకు తెలీలేదు. నాలుగు కేజీలు తగ్గింది. పక్క పిల్లకి తెలుసు, చెప్పలేదు, పదమూడేళ్ళ స్నేహితురాలు చెప్పదు కూడా, అది చాడీ అనుకుంటుంది. ఆ డార్మ్‌లో పదిహేడేళ్ళ అక్క ఒకత్తి ఉండుంటే మొదటి వారంలోనే పట్టేసుండేది. మా చెల్లి కొడుకు టోస్టుల కథ విన్నప్పుడల్లా నాకు ఈ పిల్ల గుర్తొస్తుంది. ఒక మనిషి 28 మందిని చూడటం జరిగే పని కాదు, ఎంత ప్రేమున్నా.

నార్వే కథ పూర్తిగా వేరు. యూడబ్ల్యూసీ అంటే యునైటెడ్ వరల్డ్ కాలేజీలు, మొదటిది 1962లో వేల్స్‌లో ఒక పాత కోటలో పెట్టారు, వెనకున్న పెద్దమనిషి కర్ట్ హాన్. జర్మనీలో హిట్లర్‌ని ఎదిరించి మాట్లాడి బయటికొచ్చేసి స్కాట్లాండ్‌లో గార్డన్‌స్టన్ స్కూల్ పెట్టినాయన, ఇందాక చెప్పిన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డ్ వెనకా ఆయన ఆలోచనే ఉంది. ఆ వేల్స్ కాలేజీలో పిల్లలు యాక్టివిటీ కింద ఏం చేసేవారంటే నిజంగా సముద్రంలోకెళ్ళి మనుషుల్ని కాపాడేవారు, 1963 నుంచి 2013 దాకా అక్కడ లైఫ్‌బోట్ స్టేషన్ నడిచింది, చుట్టూ గాలి గొట్టం ఉండే గట్టి అడుగు పడవ తయారైంది కూడా ఆ కాలేజీలోనే. మన దేశంలో పుణె దగ్గర మహీంద్రా కాలేజ్ 1997లో వచ్చింది, అక్కడ హౌసుల్ని వాడలు అంటారు, వినడానికే హాయిగా ఉంది.

మా మేనకోడలు వెళ్ళింది నార్వేలో ఫ్లెక్కె అనే చిన్న ఊరికి, ఫియర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున, రెడ్ క్రాస్ నార్డిక్ కాలేజ్, 1995లో పెట్టారు. రెండు వందల మంది పిల్లలు, ఐదు హౌసులు, వాటి పేర్లు డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, నార్వే, స్వీడన్. గదికి ఐదుగురి దాకా. ఈ పిల్ల గదిలో ఒక నార్వే అమ్మాయి, ఒక చిలీ అమ్మాయి, ఆఫ్రికాలోని ఎస్వాతినీ నుంచి ఒకామె, వియత్నాం నుంచి ఇంకొకామె. నార్వే పిల్లకి సున్నా డిగ్రీల్లో కూడా కిటికీ తెరిచి ఉంటేగాని నిద్ర పట్టదు, మన కాకినాడ పిల్లకి సెప్టెంబర్లోనే రెండు రజాయిలు. నెల్లాళ్ళు గొడవలు పడి చివరికి ఒక కాగితం మీద రూలు రాసి గోడకి అంటించారట, పడుకునే ముందు ఇరవై నిమిషాలు తెరవాలి, తర్వాత వెయ్యాలి, కిటికీ పక్క మంచం నార్వే పిల్లకే. ఏ వార్డెనూ రాలేదు, ఎవరూ తీర్పు చెప్పలేదు. తొమ్మిదిన్నరకి తలుపు కొట్టేవాళ్ళెవరని అడిగితే "ఎవరూ కొట్టరత్తా, హౌస్ మెంటార్ ఉంటారు, అవసరమైతే మనమే వెళ్ళి వాళ్ళ తలుపు కొట్టాలి" అంది.

వంట కూడా వాళ్ళదే, క్యాంటీన్ ఉంటుంది గాని వీకెండ్‌కి హౌస్ కిచెన్‌లో ఎవరికి తోచింది వాళ్ళు వండుకుంటారు. ఈవిడ ఒక ఆదివారం పప్పుచారుకి తాలింపు పెట్టింది, ఎండుమిరపకాయలు మాడాయి, స్మోక్ అలారం మోగింది, హౌస్ మొత్తం పైజమాల్తో వానలో బయట నిలబడింది. అప్పట్నుంచి తాలింపు గిన్నె పట్టుకుని వరండాలోకెళ్ళి, చిన్న కరెంటు పొయ్యి మీద పెట్టుకునేదట.

అక్కడ యాక్టివిటీస్‌లో హౌసుల మధ్య పోటీ అనే మాట పెద్దగా వినపడదు. ఐబీలో క్యాస్ అని ఒకటుంది, క్రియేటివిటీ, యాక్టివిటీ, సర్వీస్, పద్దెనిమిది నెలల పాటు ఆపకుండా చెయ్యాలి, దానికి మార్కులుండవు గాని చెయ్యకపోతే డిప్లొమా రాదు. మామూలు ఐబీ స్కూళ్ళలో దీన్ని మొక్కుబడి చేసేసి చెట్లు నాటిన ఫోటోలు పెట్టేస్తుంటారు, నేనే సంతకాలు పెట్టా కాబట్టి చెప్తున్నా. ఫ్లెక్కెలో పక్కనే రెడ్ క్రాస్ వాళ్ళ హౌగ్లాండ్ రీహాబ్ సెంటర్ ఉంది, అక్కడికొచ్చే వికలాంగ పిల్లల్తో వీళ్ళు ఈతకి, ఆటలకి వెళ్తారు. ఈ పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు మంచినీళ్ళ గ్లాసు కూడా తీసేది కాదు, అక్కడ వీల్‌చైర్లోంచి ఒక పాపని ఎత్తి పూల్‌లోకి దించడం నేర్చుకుంది.

చీకటి సంగతి మాత్రం ముందే తెలుసుకుని వెళ్ళాలి. డిసెంబర్లో పొద్దున్న పదింటి దగ్గర తెల్లారి మూడున్నరకే పొద్దుకుంకుతుంది, పైగా వాన. మొదటి డిసెంబర్లో నెల పాటు ఈ పిల్ల ఫోన్ ఎత్తలేదు, అన్నయ్య బెంగపడి టికెట్ బుక్ చేసేదాకా వచ్చాడు.

డబ్బు గురించి పొడుగ్గా వద్దు. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఏడాదికి 40,000 పౌండ్ల పైమాటే, 2025 జనవరి 1 నుంచి ఫీజుల మీద 20 శాతం వ్యాట్ కూడా వచ్చి పడింది, గార్డియన్, విమానాలు వేరే. కొండ మీద స్కూళ్ళు అందులో సగం కూడా ఉండవు. యూడబ్ల్యూసీకి నేషనల్ కమిటీ సెలెక్ట్ చేస్తుంది, ఇంటి పరిస్థితిని బట్టి స్కాలర్‌షిప్పిస్తారు, తర్వాత అమెరికాలో చదవాలంటే డేవిస్ స్కాలర్‌షిప్ అని 2000 నుంచి ఉంది. మా అన్నయ్య స్టేట్ గవర్నమెంటులో గుమాస్తా, ఆ స్కాలర్‌షిప్ లేకపోతే నార్వే మ్యాపులో చూసుకోవడమే.

ఒక్క హెచ్చరిక, నీట్, జేఈఈ ఆలోచన ఇంట్లో ఎవరి బుర్రలోనైనా ఓ మూల ఉంటే ఈ మూడింట్లో ఏదీ వద్దు. ఐబీ రిజల్ట్స్ వచ్చేది జులైలో, సిలబస్ దారి వేరు, పైగా మన ఈఏపీసెట్‌లో లోకల్ కోటాకి చివరి నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది చూస్తారు. పదో తరగతి దాకా కొండ మీద ఉంచి, ఇంటర్‌కి తెచ్చి పొద్దున్న ఐదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లుండే హాస్టల్లో పడేసిన పిల్లల్ని ఇద్దర్ని చూశా, ఒకడు నెలకే వెనక్కొచ్చేశాడు. కొండల మీద ట్రెక్కింగులు చేసినవాణ్ణి తీసుకొచ్చి నాలుగో అంతస్తులో గ్రిల్స్ వెనక పెడితే ఏమవుతుంది మరి.

సరే, ఏది మేలు అంటారా. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకి, ఇంగ్లండ్‌లో బాబాయో పిన్నో కారేసుకుని వచ్చి ఎగ్జియట్‌కి తీసుకెళ్ళేవాళ్ళుంటే ఆ హౌసే నా ఓటు, అన్ని వయసులూ కలిసుండే ఇల్లు ఈ మూడింట్లో ఇంకెక్కడా దొరకదు. కానీ వెళ్తే ఇయర్ నైన్‌లోనే వెళ్ళాలి, సిక్స్త్ ఫామ్‌లో రెండేళ్ళ కోసం దూరితే అప్పటికే మూడేళ్ళ స్నేహాలున్న ఇంట్లో చుట్టంలా ఉంటారు. ఎవరూ లేకపోతే కొండ మీద స్కూలే నయం, సెలవులకి బస్సో రైలో ఎక్కి ఇంటికి వచ్చేయొచ్చు, కాకపోతే డార్మ్‌లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు అన్నది అడగండి, పదిహేను దాటితే నేను ఆలోచిస్తా. యూడబ్ల్యూసీ మాత్రం పదహారేళ్ళొచ్చాక, అదీ పిల్లలు తామంతట తాము అడిగితేనే, మనం తోస్తే ఆ డిసెంబర్ చీకట్లో నిలబడలేరు. పిల్ల వెళ్తానందని నాకెవరైనా చెప్తే నేనడిగేది అన్నం వండటం వచ్చా, తన దుప్పటి తను ఉతుక్కుంటుందా అని.

ఇప్పుడు మా చెల్లి రెండోదానికి పన్నెండు నిండాయి, అక్కా దీన్ని అన్న దగ్గరికా నువ్వు చేసిన చోటికా అని రోజూ ఫోను. నేను పైన రాసిందంతా స్పీకర్లో పెట్టించి మరీ చెప్పా, గార్డియన్, నిష్పత్తి, మెనూ చీటీ అన్నీ. పిల్ల అంతా విని ఒక్కటే అడిగింది, "పెద్దమ్మా, మీ డార్మ్‌లో కుక్కుండేదా?" లేదమ్మా, కోతులుండేవి, సబ్బులెత్తుకుపోయేవి అన్నా. "అన్న వాళ్ళ లాబ్రడార్‌కి ఎన్నేళ్ళు?" అంది. పదకొండంట. ఐతే తొందరగా వెళ్ళాలి అని ఫోన్ అమ్మకిచ్చేసింది.